ఎన్ని ఆవులు, ఎన్ని ఊళ్లు

ప్రశ్న: నేను తిరుపతిలో పశువైద్యంలో పీజీ చేస్తున్నాను. మా ఊరు బంగారుపాళ్యం దగ్గర. పాడి ఆవుల్లో పైకి కనబడని పొదుగువాపు ఎంత శాతం ఉందో తెలుసుకోవడం నా పరిశోధన. ముందుగా మూడు ఊళ్లలో జరిగిన పశువైద్య శిబిరాలకు వెళ్లి, ఊరికి 20 చొప్పున 60 ఆవులకు సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్: పాలలో ద్రావణం కలిపి ఎంత చిక్కబడిందో చూసేది) పరీక్ష చేశాను. మొదటి ఊళ్లో 10, రెండో ఊళ్లో 7, మూడో ఊళ్లో 4, మొత్తం 21 ఆవుల్లో వ్యాధి కనిపించింది. కంప్యూటర్ 35 శాతం అనీ, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 23 నుంచి 47 వరకు అనీ ఇచ్చింది. "నిజమైన శాతం 23కూ 47కూ మధ్య ఉండే సంభావ్యత 95 శాతం" అని రాస్తే, సమీక్షలో ఒకరు ఆ వాక్యాన్ని కొట్టేశారు, కారణం చెప్పలేదు. అసలు సర్వేకు 384 ఆవులను చూడమని ఒకరు, 30 దాటితే చాలని ఇంకొకరు అంటున్నారు. పాలు పితికే వేళకే పరీక్ష చేయాలి గనుక ఉదయం ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు మాత్రమే చూడగలం. వాహనం 20 రోజులే దొరుకుతుంది. నేనూ, నా సహాధ్యాయినీ ఇద్దరమే. చేత్తో పితికే ఇళ్లకూ, యంత్రంతో పితికే ఇళ్లకూ ఉన్న తేడా కూడా చెప్పాలని ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఊరివారీ లెక్కలు కూడా ఇచ్చినందుకు చాలా సంతోషించాను. చాలామంది మొత్తం మాత్రమే రాస్తారు. మీ సమస్యకు జవాబు ఆ 10, 7, 4 అనే మూడు అంకెల్లోనే ఉంది. అయితే ముందుగా, కొట్టివేతకు గురైన ఆ వాక్యం సంగతి చూద్దాం. కారణం చెప్పకుండా కొట్టేయడం విద్యార్థికి మేలు చేయదు.

మీ ప్రాంతంలోని పాడి ఆవుల్లో ఈ రోజున ఎంత శాతానికి ఈ వ్యాధి ఉందన్నది మనకు తెలియని సంఖ్యే గాని, కదిలే సంఖ్య కాదు. అది 31 కావచ్చు, 44 కావచ్చు, ఏదైనా ఒక్కటే. కదిలేది మీ శాంపిల్. దీన్ని మాటల్లో చదివే కన్నా చేతులతో చేసి చూడడం మంచిది; నేను పాఠం చెప్పిన రోజుల్లో పిల్లల చేత ఇదే చేయించేవాడిని. వెయ్యి చింతగింజలు తీసుకొని, అష్టాచెమ్మా ఆటకు అరగదీసినట్లు వాటిలో 350 గింజలను ఒకవైపు తెల్లగా అరగదీయండి. అన్నిటినీ ఒక గోనెసంచిలో వేసి బాగా కలిపి, చూడకుండా 60 తీసి, అరగదీసినవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, కంప్యూటర్ కట్టినట్లే ఒక అంతరం (ఇంటర్వెల్) కట్టి రాసుకోండి. గింజలను తిరిగి సంచిలో వేసి మళ్లీ తీయండి. ఇలా నూరు సార్లు చేస్తే నూరు అంతరాలు వస్తాయి. ఒకటి 23 నుంచి 47 వరకు ఉంటే, మరొకటి 18 నుంచి 42 వరకు, ఇంకొకటి 37 నుంచి 63 వరకు ఉండవచ్చు. వీటిలో దాదాపు 95 అంతరాల లోపల 35 ఉంటుంది, ఐదారింటిలో ఉండదు. ఇప్పుడు చెప్పిన మూడో అంతరం అలా తప్పిపోయినదే. 95 శాతం అన్న మాట ఈ నూరు సార్లు తీసే పద్ధతికి చెందింది. ఒకసారి కాగితం మీదికి ఎక్కిన 23–47 అనే ఒక్క అంతరానికి అది చెందదు. ఆ అంతరంలో నిజమైన శాతం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చిన పోలిష్ గణాంకవేత్త జెర్జీ నేమన్ 1934లో శాంపిల్ సర్వేల మీద రాసిన పత్రంలో దీన్ని ప్రవేశపెట్టి, 1937లో పూర్తి సిద్ధాంతంగా వివరించారు. శాంపిల్ తీయకముందు పద్ధతి గురించి సంభావ్యత మాట్లాడవచ్చు గాని, తీసిన తర్వాత ఆ ఒక్క ఫలితం గురించి మాట్లాడకూడదన్నది ఆయన పట్టుదలగా చెప్పిన విషయం. మీరు రాసిన వాక్యమే మీకు కావాలంటే బేయీజియన్ మార్గం ఉంది. అయితే దానికి పరీక్షకు ముందు మీకున్న నమ్మకాన్ని కూడా అంకెల్లో పెట్టి లెక్కలోకి తేవాలి. సిద్ధాంత వ్యాసంలో "35 శాతం, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 23 నుంచి 47" అని రాసి ఊరుకుంటే చాలు, తప్పు దొర్లదు.

వాక్యం తప్పు ఇంతటితో తీరుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ 23–47 అనే అంతరమే మీ 60 ఆవులకు వర్తించకపోవడం.

చింతగింజల ఆటలో మనం సంచిని బాగా కలిపి, చూడకుండా తీశాం. మీ ఆవులు అలా రాలేదు. శిబిరానికి ఆవును తోలుకొచ్చే రైతుకు సాధారణంగా ఏదో ఒక కారణం ఉంటుంది: పాలు తగ్గాయనో, మేత తినడం లేదనో, సూది వేయించాలనో. ఏ ఇబ్బందీ లేని ఆవు ఆ పూట కొట్టంలోనే ఉండిపోతుంది. అలాంటి ఎంపికతో వచ్చే శాతం అసలు శాతం కన్నా ఎక్కువగా ఉండే అవకాశముంది, ఎంత ఎక్కువో ఏ సూత్రమూ చెప్పలేదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కొలిచేది చీటీలు వేసి, చూడకుండా తీయడం వల్ల వచ్చే హెచ్చుతగ్గులను మాత్రమే. శిబిరాలకు వచ్చిన ఆవులను 60కి బదులు 6,000 చూసినా ఎక్కువవైపు ఉన్న ఆ వంపు అలాగే ఉంటుంది. అంతరం మాత్రం సన్నబడి, తప్పు సంఖ్య చుట్టూ బిగుసుకుంటుంది.

ఇక రెండో సంగతి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్లలో అంటారు. అది నిజమే, ఎందుకంటే ఒకే కుండలో, ఒకే మంట మీద, ఒకే నీళ్లలో ఉడికిన మెతుకులు ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి. కానీ పెళ్లింట పది పొయ్యిల మీద పది గుండిగలు పెట్టినప్పుడు, మూడు గుండిగల్లో ఇరవేసి మెతుకులు పట్టి చూసిన వంటవాడికి మిగిలిన ఏడింటి సంగతి ఏమీ తెలియదు. ఒక ఊరి ఆవులు కూడా ఒక గుండిగలోని మెతుకుల వంటివే. కొట్టం నేల, మేత, పితికే చేతుల శుభ్రత, పితికాక చన్నులను మందులో ముంచే అలవాటు, ఆ ఊరికి వచ్చే పశువైద్య సిబ్బంది సలహా, ఇవన్నీ ఊరంతా కొంతవరకు ఒకటిగానే ఉంటాయి. అందువల్ల అదే ఊళ్లో చూసిన ఇరవయ్యో ఆవు, మొదటి ఆవు చెప్పినంత కొత్త సంగతి చెప్పదు.

ఈ పోలికను కొలిచే అంకెను ఊరి లోపలి సహసంబంధం అంటారు. మీ 10, 7, 4 నుంచి నేను లెక్క కడితే అది సుమారు 0.05 వచ్చింది. చూడడానికి చాలా చిన్న అంకె, కాని చేసే పని చిన్నది కాదు. ఊరికి చూసే ఆవుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఈ అంకెతో గుణించి, ఒకటి కలిపితే డిజైన్ ఎఫెక్ట్ వస్తుంది. ఊరికి 20 ఆవులైతే 19ని 0.05తో గుణించి 1 కలపగా 1.95. 60ని దానితో భాగిస్తే 31. అంటే మీ 60 ఆవులు, చీటీలతో జిల్లా అంతటా వెదజల్లి ఎంచిన 31 ఆవులతో సమానం. అప్పుడు అంతరం 23–47 కాదు, 18–52. ఉన్నవి మూడే ఊళ్లు కాబట్టి అది కూడా ఉదారమైన లెక్కే. మూడు ఊళ్ల శాతాలు 50, 35, 20. వీటి మధ్య హెచ్చుతగ్గులను బట్టి ప్రామాణిక దోషం (శాంపిల్ మారితే సగటు ఎంత కదులుతుందన్న కొలత) సుమారు 8.7. మూడు అంకెలే ఉన్నప్పుడు గుణించవలసింది 95 శాతం అంతరానికి మామూలుగా వాడే 1.96తో కాదు, అంకెలు తక్కువైనప్పుడు వాడే టీ పట్టికలోని 4.30తో. అలా చేస్తే 35కు అటూ ఇటూ 37 వస్తుంది, అంటే కింది అంచు సున్నాకు దిగువకు పోతుంది. మూడు ఊళ్లు జిల్లా గురించి దాదాపు ఏమీ చెప్పలేవని ఆ లెక్క మనకు నిజాయితీగా చెబుతున్నది. మీ శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ మూడు ఊళ్లు చూడకపోతే 0.05 అనే అంకె మనకు దొరికేదే కాదు, అది లేనిదే అసలు సర్వేకు ప్రణాళిక వేయలేము.

మీకు చెప్పిన ఆ రెండు అంకెలు ఎక్కడివో కూడా తెలుసుకోండి. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. శాంపిల్ పరిమాణాల పేరుతో 1970లో క్రెజ్సీ, మోర్గాన్ ప్రచురించిన పట్టికలో పది లక్షల జనాభాకు ఎదురుగా ఉన్నది ఈ 384 అంకెనే. అక్కడి నుంచి అది వేలకొద్దీ సిద్ధాంత వ్యాసాల్లోకి ఎక్కింది. అందులో మీరు అడగకుండానే తీసుకున్న నిర్ణయాలు నాలుగున్నాయి: విశ్వాస స్థాయి 95 శాతమనీ, నిజమైన శాతం 50 దగ్గర ఉండవచ్చుననీ, అటూ ఇటూ 5 శాతం పాయింట్ల తేడా మీకు సమ్మతమనీ, ప్రతి ఆవునూ విడిగా చీటీ వేసి తీస్తారనీ. ఈ నాలుగోది మీ విషయంలో జరగని పని. ఇక 30 అన్నది, టీ పట్టికలోని విలువ అక్కడికి వచ్చేసరికి 1.96కు దగ్గరపడుతుందన్న గమనిక నుంచి పుట్టిన వాడుక. అది అంతరం ఎంత వెడల్పుగా ఉంటుందో చెప్పే అంకె కానే కాదు. చీటీలతో తీసిన 30 ఆవుల్లో 35 శాతం వచ్చినా అంతరం 18 నుంచి 52 దాకా పోతుంది.

కాబట్టి ఎన్ని ఆవులన్న ప్రశ్నకు ముందు, ఎంత వెడల్పు అంతరం మీకు పనికొస్తుందన్న ప్రశ్న రావాలి. దీనికి జవాబు గణాంకశాస్త్రంలో లేదు, మీ పరిశోధన ప్రయోజనంలో ఉంది. మూడో వంతు ఆవులకు వ్యాధి ఉందా, సగం ఆవులకు ఉందా అన్నది తేలితే పాడి రైతులకు ఇచ్చే సలహా మారుతుందనుకుంటే, అటూ ఇటూ 7 పాయింట్ల అంతరం చాలు. 5 కావాలంటే దాదాపు రెట్టింపు ఆవులు కావాలి, ఎందుకంటే అంతరం సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలన్నది ఇక్కడి వర్గమూలపు నియమం. దీనికి అడ్డదారి లేదు. శాతాన్ని 35గా తీసుకుని లెక్క తగ్గించుకోవచ్చు గదా అని మీకు అనిపించవచ్చు. ఆ 35 ఎంత అస్థిరమో ఇప్పుడే చూశాం. కనుక సగం అనుకొనే లెక్క కట్టడం క్షేమం. 7 పాయింట్లకు 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.07 వర్గంతో భాగిస్తే సరిగ్గా 196 ఆవులు వస్తాయి. జిల్లాలో ఆవులు ఎన్ని వేలున్నా, ఎన్ని లక్షలున్నా ఈ అంకె ఇంచుమించు మారదు. శాంపిల్ మొత్తంలో చెప్పుకోదగ్గ భాగమైనప్పుడే అది తగ్గుతుంది.

ఇప్పుడు ఊళ్ల లెక్క. శిబిరంలో ఆవులన్నీ ఒకచోటికి వస్తాయి గనుక ఒక పూటలో 20 చూడగలిగారు. చీటీలతో తీసిన ఆవులు ఊళ్లో వేర్వేరు ఇళ్లలో ఉంటాయి. పాలు పితికే ఆ కొద్ది సమయంలో ఇద్దరు మనుషులు నాలుగేసి ఆవుల చొప్పున ఎనిమిదింటిని చూడడమే సాధ్యమని నా అంచనా. అలాగైతే డిజైన్ ఎఫెక్ట్ 7ను 0.05తో గుణించి 1 కలపగా 1.35. 196ను దానితో గుణిస్తే 265 ఆవులు. పదింట ఒకటి చేజారుతుందనుకోండి: ఆవు వట్టిపోయి ఉంటుంది, రైతు వద్దంటాడు, తలుపు తాళం వేసి ఉంటుంది. ఇక్కడ చాలామంది 265కు పదో వంతు కలుపుతారు. సరైన పద్ధతి 0.9తో భాగించడం, అప్పుడు 295 వస్తుంది. ఊరికి 8 చొప్పున 37 ఊళ్లు. రోజుకు రెండు ఊళ్లయితే 19 రోజుల్లో ముగుస్తుంది, వాన పడితే ఒక రోజు చేతిలో ఉంటుంది. అదే 5 పాయింట్లు పట్టుకుంటే 73 ఊళ్లు తిరగాలి, మీ 20 రోజుల్లో అది జరిగే పని కాదు. మూడు ఊళ్ల నుంచి తెచ్చిన 0.05 తప్పయి, నిజానికి 0.10 ఉంటే ఏమవుతుందని కూడా చూశాను: అంతరం 7 నుంచి 8 పాయింట్లకు మించదు. అందుకే ఈ ప్రణాళిక మీద నాకు ధైర్యం ఉంది.

ఊళ్లను ఎలా తీయాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మీరు తీసుకున్న మండలాల్లోని ప్రతి ఊరి పేరూ, ఆ ఊళ్లోని పాడి ఆవుల సంఖ్యా పశుగణన లెక్కల నుంచో పశువైద్యశాల రిజిస్టర్ నుంచో రాసుకుని, పక్కనే వరుసగా కూడుతూ పోండి. ఎనిమిది ఆవులు కూడా లేని ఊరిని ముందే పక్క ఊరితో కలిపేయండి. మొత్తం 14,800 వచ్చిందనుకుందాం. 37తో భాగిస్తే 400. 1 నుంచి 400 లోపల ఒక సంఖ్యను చీటీ వేసి తీయండి. అది 153 అయితే, వరుస కూడికలో 153వ ఆవు ఏ ఊరిదో ఆ ఊరు మొదటిది, 553వ ఆవు ఊరు రెండోది, 953వ ఆవు ఊరు మూడోది, ఇలా చివరిదాకా. పెద్ద ఊరు వచ్చే అవకాశం ఎక్కువ, కానీ అందులో ఒక్కొక్క ఆవు వంతు తక్కువ. రెండూ కలిసి ఏ ఊరి ఆవుకైనా 50లో ఒక వంతు అవకాశమే మిగులుతుంది, అందువల్ల చివరికి మామూలు శాతం తీస్తే సరిపోతుంది. ఊళ్లోకి వెళ్లాక ఇళ్ల జాబితా కాకుండా ఆవుల జాబితా రాసి, దానిలోంచి ఎనిమిది చీటీలు తీయండి. చీటీలో వచ్చిన ఇంటివారు వద్దంటే పక్కింటి ఆవును పట్టుకోకండి. మనకు సులువుగా దొరికే ఆవు మళ్లీ శిబిరపు ఆవు లాంటిదే అవుతుంది. వద్దన్నవారి సంఖ్యను రాసుకోండి, దానిని వ్యాసంలో చూపించాలి.

ఇద్దరున్నారు గనుక ఒక మంచి పని చేయవచ్చు. 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, బెంగాల్ జనపనార సర్వేలకు ముందు చిన్న ప్రయోగ సర్వేలు చేసి ఖర్చునూ హెచ్చుతగ్గులనూ కొలిచి, ఆ తర్వాతే శాంపిల్ పరిమాణం నిర్ణయించేవారు. ఒకే ప్రాంతాన్ని రెండు వేర్వేరు బృందాలు రెండు స్వతంత్ర శాంపిళ్లతో చూసే ఏర్పాటు కూడా ఆయనదే. రెండు ఫలితాలూ దూరంగా ఉంటే, తేడా ఆవులది కాదు, కొలిచే మనుషులదని పట్టుబడుతుంది. సీఎంటీలో పాలు ఎంత చిక్కబడ్డాయన్నది కంటితో చూసి నిర్ణయించేది కాబట్టి మీకు ఇది మరీ అవసరం. ప్రతి ఊళ్లోనూ మొదటి నాలుగు చీటీలు మీకు, తర్వాతి నాలుగు మీ సహాధ్యాయినికి కేటాయించి, ఇద్దరి శాతాలనూ విడిగా లెక్కించండి. మొదటి ఐదారు ఊళ్లకే తేడా కనబడితే అక్కడే ఆగి, కొన్ని ఆవులను ఇద్దరూ కలిసి చూసి సరిచేసుకోవచ్చు.

చేతి పితుకుడు, యంత్రపు పితుకుడు తేడా విషయం: ఆవులు రెండు గుంపుల్లోకి సగం సగం వచ్చినా ఆ తేడాకు ఉండే అంతరం మొత్తం శాతపు అంతరానికి సుమారు రెట్టింపు, అంటే అటూ ఇటూ 14 పాయింట్లు. యంత్రాలున్న ఇళ్లు తక్కువైతే ఇంకా ఎక్కువ. తేడాను దాని అంతరంతో సహా చూపించండి, ముఖ్య ఫలితంగా మాత్రం పెట్టకండి.

లెక్కలు కట్టేటప్పుడు కంప్యూటర్‌కు ఊరి పేరు ఉన్న వరుస తప్పక ఇవ్వండి. ఊళ్ల మధ్య హెచ్చుతగ్గుల నుంచి ప్రామాణిక దోషం తీసే సర్వే పద్ధతిని ఎంచుకోండి, లేకపోతే అది మళ్లీ 23–47 లాంటి సన్నని అంతరమే ఇస్తుంది. 37 ఊళ్లుంటే టీ విలువ 2.03కు దిగుతుంది, 4.30 బాధ ఉండదు. శిబిరాల 60 ఆవులను ఈ లెక్కలో కలపకండి.

వాహనం కదలకముందే పరిశోధన ప్రణాళికలో ఈ వాక్యాలు రాసి, మీ మార్గదర్శకుల సంతకం తీసుకోండి: "శాతాన్ని అటూ ఇటూ 7 పాయింట్ల కచ్చితత్వంతో, 95 శాతం విశ్వాస స్థాయిలో అంచనా వేయడానికి 196 ఆవులు కావాలి. ప్రయోగ సర్వేలో ఊరి లోపలి సహసంబంధం 0.05గా తేలినందున, ఊరికి 8 ఆవుల చొప్పున డిజైన్ ఎఫెక్ట్ 1.35, చేజారే పదో వంతును కూడా లెక్కలోకి తీసుకొని, ఆవుల సంఖ్యకు అనుపాతంగా ఎంచిన 37 ఊళ్లలో 296 ఆవులను పరీక్షకు ఎంచుకుంటాము."